చూలాలి సింగారం

మన పెద్దారవీడు, మార్కాపురం పల్లెల్లో చూలాలికి పసుపు పూసి, గాజులు తొడిగి సీమంతం చేయడం తరతరాల వేడుక. సున్నిపిండి, కొబ్బరినూనె, ఆముదం దీపపు కాటుక - ఇవే అమ్మమ్మల సింగారం.

అలాగని పాతదంతా మంచిదే అనుకోకండి. పసుపుతో చేసిన కుంకుమ వేరు, సిందూరం వేరు. చాలా సిందూరాల్లో సీసం ఉంటుంది. సుర్మాలోనూ చాలాసార్లు ఉండేది అదే. తల్లి ఒంట్లో చేరిన సీసం మాయ దాటి బిడ్డ మెదడును దెబ్బతీస్తుంది.

పాదరసమూ అంతే. జపానులోని మినమాటాలో ఒక ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల్లో చేరింది. 1956లో జబ్బు బయటపడింది. పైకి బాగానే ఉన్న తల్లులకు కూడా జబ్బు బిడ్డలు పుట్టారు. కొన్ని తెలుపు క్రీముల్లో ఆ పాదరసమే కలుపుతూ వచ్చారు. అందుకే 2013 నాటి మినమాటా ఒప్పందం అలాంటి క్రీములనూ అడ్డుకుంది. మన దేశపు 2020 నిబంధనలూ పాదరసం కలపడాన్ని నిషేధించాయి. అయినా దొంగచాటు సరుకు దొరుకుతూనే ఉంది.

1982లో అమెరికాలో ఐసోట్రెటినాయిన్ అనే మొటిమల మాత్ర వచ్చింది. మరుసటి ఏడాదికే, గర్భిణులు వాడితే బిడ్డలు అవకరాలతో పుడుతున్నారని తేలింది.

నెలలు నిండే కొద్దీ ముఖాన మంగు రావడం సహజం. కాన్పయ్యాక చాలామందికి అదే తగ్గుతుంది. "పిల్ల నల్లబడిందే!" అని ఎవరో అన్నారని పేరూ ఊరూ లేని క్రీము పూయకండి. ఎండలో కొంగు కప్పుకోండి. మందు వాడేముందు డాక్టరమ్మను అడగండి. మంగు నాలుగు నెలల ముచ్చట, బిడ్డ ఆరోగ్యం నూరేళ్ళది.