మెతుకుసీమ

మెదక్‌ను ఇక్కడివాళ్లు ప్రేమగా పిలుచుకునే పేరు మెతుకుసీమ. మెతుకు అంటే ఉడికిన అన్నపు గింజ. వరి బాగా పండే నేల కాబట్టి ఆ పేరు వచ్చిందనీ, అదే మెదక్ అయిందనీ చెబుతారు. ఒకప్పటి ఇంకో పేరు గుల్షనాబాద్, అంటే పూదోటల ఊరు. ఒకే పచ్చదనంలో పాలకులకు తోట కనబడితే, రైతుకు అన్నం కనబడింది.

చూసిన నేలకు అర్థం చెప్పుకోవడం చిత్రకారుల పని కూడా. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు రూయిస్డాల్ గీసిన హార్లెమ్ దృశ్యాల్లో పొలాల మీద పరిచిన నార బట్టలు ఎండలో తెల్లబడుతుంటాయి, దూరాన చర్చి నిలబడి ఉంటుంది. కింద కష్టం, పైన దైవం అని కొందరు వాటిని చదువుతారు.

మెదక్ కోట ఎక్కి చూస్తే అలాంటి దృశ్యమే. మంజీరపై 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట నీళ్లు మహబూబ్ నహర్, ఫతే నహర్‌ల గుండా తడిపే మడుల సీమ ఇది. ఊరి ఇళ్లకు పైగా 170 అడుగులు దాటిన చర్చి గోపురం లేస్తుంది. కరువు కాలంలో కూలీలకు తిండి పెట్టి కట్టించిన ఆ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. దాని రాళ్లలోనూ మెతుకు ఉంది.

పాత మెదక్ జిల్లా సిద్దిపేటలో 1925లో పుట్టిన చిత్రకారుడు కాపు రాజయ్య ఈ పల్లెల పనిపాటల్ని, పండుగల్ని రంగుల్లోకి తెచ్చారు. ఆ పల్లెల్లో వినబడే ‘నాలుగు మెతుకులు తిని పో బిడ్డా’ అనే పిలుపులో ఉన్న ఆప్యాయతే మెతుకుసీమకు అసలైన అర్థం.