విశాఖ హార్బరుకు చేరిన కరీబియన్ గుల్ల

1967లో విశాఖపట్నం హార్బరులో, అంతకుముందు అక్కడ ఎవరూ నమోదు చేయని ఒక చిన్న గుల్ల బయటపడింది. పొడవు రెండు మూడు సెంటీమీటర్లు. జెట్టీల స్తంభాలకూ పడవల అడుగులకూ సన్నని పోగులతో గుత్తులు గుత్తులుగా అతుక్కుంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్. గణపతి, లక్ష్మణరావు, వర్గీస్ దాన్ని కాంజీరియా సాలీ అని పోల్చి, 1971లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రకటించారు. ఇప్పుడు దాని శాస్త్రీయనామం మైటిలాప్సిస్ సాలీ. పుట్టిల్లు మెక్సికో సింధుశాఖ, కరీబియన్ సముద్రం.

అది కొత్తదని చెప్పగలిగారంటే, పాతవాటి లెక్క అప్పటికే ఉండడం వల్లనే. 1950ల నుంచే ఈ విశ్వవిద్యాలయ పరిశోధకులు హార్బరు నీటిలో చెక్కపలకలు వేలాడదీసి, గడువు ప్రకారం పైకి తీసి, వాటికి పట్టిన బార్నకిల్స్‌నూ గుల్లలనూ కొయ్యను తొలిచే పురుగులనూ గుర్తించి లెక్కించేవారు. 1955లో గణపతి, నాగభూషణం కొయ్యతొలుచు జీవులపై రాశారు. 1958లో విశ్వవిద్యాలయ సముద్రశాస్త్ర సంపుటిలో హార్బరులో అతుక్కుని పెరిగే జీవులపై పెద్ద వ్యాసమే వచ్చింది. చూడడానికి విసుగు పుట్టించే ఈ పనే లేకపోతే, గుల్ల ఏనాడు వచ్చిందో, అసలు పరాయిదో కాదో తేల్చడం కష్టమయ్యేది.

విశాఖకు ఉత్తరాన పరిస్థితి వేరు. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్లు, విజయనగరానికి 28 కిలోమీటర్ల తీరం ఉన్నా, అందులో ఎక్కువ భాగం అలలు విరిగిపడే ఇసుకతిన్నెలే. కళింగపట్నం, బారువ పాత రేవులే అయినా అక్కడ ఓడలు ఒడ్డుకు చేరేవి కావు. బయట సముద్రంలోనే లంగరు వేస్తే సరుకు పడవల మీద ఒడ్డుకు వచ్చేది. జాలర్లు తెప్పను వేట అయ్యాక ఇసుక మీదికి లాగి ఎండబెడతారు. ఆ ఎండకు నీటిజీవులు బతకవు. అతుక్కోవడానికి గట్టి తావు, అలల్లేని నీరు, ఎన్నాళ్లూ కదలని దుంగ దొరికితే తప్ప ఇలాంటి గుల్ల కాపురం పెట్టలేదు. ఆ మూడూ 1933లో తెరిచిన విశాఖ లోపలి హార్బరులో దొరికాయి. మేఘాద్రి గెడ్డ కలిసే చిత్తడినేలను తవ్వి కట్టిన హార్బరు అది. వానాకాలంలో గెడ్డ నీరు వచ్చి పడితే చాలా సముద్రజీవులు చనిపోతాయి. ఈ గుల్ల మాత్రం మంచినీటినీ సముద్రాన్ని మించిన ఉప్పునూ తట్టుకుంటుంది. నెల రోజుల్లోపే గుడ్లు విడిచే వయసుకు వస్తుంది. పోటీదారులు చచ్చిన చోటును ఆక్రమించడం దానికి సులువు.

అది వచ్చిన దారిని కచ్చితంగా చూపగలవారు లేరు. ఓడ అడుగుకు అంటుకునైనా, ఓడ నిలకడ కోసం నింపుకునే బల్లాస్ట్ నీటిలో కంటికి కనిపించని పిల్లగానైనా వచ్చి ఉండాలి. పరాయి జీవులకు ప్రపంచమంతటా ఈ రెండే పెద్ద వాహనాలు. 1975లో ముంబయి నుంచి కూడా ఈ గుల్ల సంగతి ప్రకటితమైంది.

తొందరగా పట్టుకుంటే ఏం చేయవచ్చో ఆస్ట్రేలియాలోని డార్విన్ చూపింది. 1998 సర్వేలో అక్కడ ఈ గుల్ల లేదు. 1999 మార్చిలో ఒక పడవల రేవులో దట్టంగా కనిపించింది. అంటే కొన్ని నెలల్లోనే వచ్చి పెరిగిందన్నమాట. అక్కడి రేవులకు లాకు గేట్లు ఉండడంతో వాటిని మూసి, క్లోరిన్, కాపర్ సల్ఫేట్ కలిపి పూర్తిగా నిర్మూలించారు. విశాఖలో ఆ అవకాశం లేదు. హార్బరు నోరు తెరిచి ఉంది, రాకపోకలు ఆగవు, గుల్ల అప్పటికే స్థిరపడింది. స్థిరపడ్డాక సముద్రజీవిని వెళ్లగొట్టిన సందర్భాలు బహు తక్కువ. అందుకే నిఘా విలువ మొదటి నెలల్లోనే.

అంతర్జాతీయ స్థాయిలో బల్లాస్ట్ నీటి ఒప్పందం 2004లో ఆమోదం పొంది, 2017 సెప్టెంబరు 8న అమల్లోకి వచ్చింది. అంతకుముందు 2000లో ఇదే నీటిపై మొదలైన ప్రపంచ కార్యక్రమంలో భారతదేశం తరఫున ముంబయి రేవు నమూనాగా ఉంది. నిఘాకు కూడా ఇటీవల నీటి నమూనాలో జీవులు వదిలిన డీఎన్ఏను వెదికే పద్ధతి వచ్చింది. జీవి పట్టుబడకుండానే దాని జాడ తెలుస్తుంది. అయితే ఆ జాడ ఏ జాతిదో చెప్పాలన్నా పోల్చేందుకు ముందే గుర్తించిన జాతుల జాబితా కావాలి.

ఉత్తరాంధ్రకు పరాయి జీవి బహిరంగంగా కూడా వచ్చింది. లాటిన్ అమెరికా పసిఫిక్ తీరపు వనామి రొయ్యకు 2009లో అనుమతి దొరికాక ఈ జిల్లాల చెరువుల్లోనూ అదే సాగైంది. దానికి లైసెన్సు, చెన్నైలో తల్లిరొయ్యల క్వారంటైన్ ఉన్నాయి. ఓడ అడుగున వచ్చేదానికి అలాంటి గడప లేదు.

ఆ గడప అవసరం ఇప్పుడు శ్రీకాకుళానికి వచ్చింది. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. అలలను ఆపే రాతిగోడలు, నిలకడ నీరు, పక్కనే వేసవికి ఉప్పు ఎక్కి వానలకు తగ్గే క్రీకులు: విశాఖ హార్బరు ఈ గుల్లకు ఇచ్చినవన్నీ అక్కడా సమకూరుతాయి. రేవుకు ఓడలు రాకముందే ఆ నీటిలో పలకలు దించి, ఏడాది పొడవునా రుతువుల వారీగా పట్టికలు రాయడం మొదలవ్వాలి. 1950ల విశాఖ పరిశోధకులు వాడింది చెక్కపలక, తాడు, సూక్ష్మదర్శిని లాంటి మామూలు సాధనాలే. మూలపేటలో మొదటి పట్టికకు అంతకుమించి పెద్ద సామగ్రి అక్కర్లేదు.