నడిచేంత దూరం: ఒక టు-లెట్ బోర్డుకు వ్యాఖ్యానం

జూబ్లీహిల్స్‌లో కొత్త కమర్షియల్ బిల్డింగు లేస్తుంటే, స్లాబులు పూర్తికాకముందే దాని ముందు ఒక బోర్డు వేలాడుతుంది. మాటలు అటూ ఇటూ మారినా పాఠం దాదాపు ఇలాగే ఉంటుంది: "రోడ్ నంబర్ 36, మెయిన్ రోడ్ ఫేసింగ్, హై స్ట్రీట్, ఓపెన్ ప్లాజా, చెక్‌పోస్ట్ మెట్రోకు నడిచేంత దూరం, రెండు సెల్లార్ల పార్కింగ్, వ్యాలే కలదు." కావ్యానికి చెప్పినట్టే దీనికీ ప్రతిపదార్థం చెప్పుకోవచ్చు. నాలుగు గోడల మాల్ కంటే ఆకాశం కనిపించే ప్లాజాయే నడకకు హాయి అని బిల్డర్లు అంటున్నారు. నిజమే కావచ్చు. కానీ కప్పు ఉందా లేదా అన్నది రెండో ప్రశ్న. గేటు బయట ఏముందన్నది మొదటిది.

*రోడ్ నంబర్ 36.* ఇది బజారుగా పుట్టిన రోడ్డు కాదు. 1960లలో ఒక గృహనిర్మాణ సహకార సంఘం బండరాళ్ళ గుట్టల మీద ప్లాట్లు వేసింది. ప్లాటుకో బంగళా, బంగళాకో గేటు, లోపల కారు షెడ్డు. ఉప్పు అయిపోతే నడిచి వెళ్ళి తెచ్చుకునేందుకు మలుపులో ఓ కిరాణా కొట్టు ఉండాలన్న ఆలోచన ఆ లేఅవుట్‌లో పెద్దగా కనిపించదు. తర్వాత సినిమా వాళ్ళు మద్రాసు నుంచి ఒక్కొక్కరే వచ్చారు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. గుట్టకు అటువైపు ఫిల్మ్‌నగర్ వెలిసింది. రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ చాంబర్, కల్చరల్ సెంటర్ అక్కడికే చేరాయి. వీళ్ళకూ కావలసింది గేటూ, ప్రహరీగోడే.

ఇప్పుడు అవే ప్లాట్లలో బంగళాలు పోయి షోరూములు వచ్చాయి. ప్లాటు హద్దులు మాత్రం అలాగే మిగిలాయి. నేల ఏటవాలు కాబట్టి ఏ రెండు బిల్డింగుల మెట్లూ ఒక ఎత్తులో ఉండవు. నగల షాపు గ్రానైట్ మెట్లు ఆరు ఎక్కాలి, పక్కనున్న చీరల షాపుకు రెండు దిగాలి. మధ్యలో పాత ప్రహరీ ముక్క, జనరేటరు, ఒక పూలకుండీ. కాబట్టి ఈ షాపులోంచి పక్క షాపులోకి వెళ్ళాలంటే మెట్లు దిగి, సెల్లారు ర్యాంపు దాటి, ట్రాఫిక్ పక్కనే నాలుగడుగులు వేసి మళ్ళీ ఎక్కాలి. చీరలు చూస్తూ చూస్తూ పక్కకు జరిగే అలవాటు మన ఆడవాళ్ళకు బెజవాడ బీసెంట్ రోడ్డులోనో, సికింద్రాబాద్ జనరల్ బజారులోనో పట్టుబడింది. ఇక్కడ అది కుదరదు. చాలామంది ఒక షాపు చూసి కారెక్కుతారు.

*మెయిన్ రోడ్ ఫేసింగ్.* అద్దెను నిర్ణయించే మాట ఇది. షాపు ముఖం రోడ్డుకు, అంటే కారు అద్దానికి కనిపించాలి. మనిషి అడుగు వేసే వేగానికీ కారు వేగానికీ బోర్డు సైజు వేరు, అద్దాల వెనక బొమ్మ సైజు కూడా వేరు. ఫుట్‌పాత్ మీద నడవడానికి అడ్డం లేని జాగా కనీసం 1.8 మీటర్లు ఉండాలనీ, షాపులున్న చోట అంతకన్నా ఎక్కువ ఉండాలనీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాలు చెప్పాయి. రోడ్డు మీద ఆ కొలత ఎక్కడికక్కడ తెగిపోతుంది. ప్రతి షాపూ తన ర్యాంపును ఫుట్‌పాత్ మీదుగా రోడ్డు దాకా లాగుతుంది. ర్యాంపుకూ ర్యాంపుకూ మధ్య మిగిలిన ముక్కలో ట్రాన్స్‌ఫార్మరు, చెట్టు చుట్టూ ఇనుపజాలి, ఆపి ఉంచిన స్కూటర్లు. ఎక్కు, దిగు, ఎక్కు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఫుట్‌పాత్ వదిలేసి రోడ్డంచున నడవడం తెలివితక్కువతనమేమీ కాదు.

*హై స్ట్రీట్.* దీనికి చెక్‌పోస్ట్ నుంచి కొద్ది దూరంలోనే అసలైన ఉదాహరణ ఉంది, అయితే బోర్డు రాసేవాళ్ళు దాని పేరెత్తరు. కృష్ణానగర్. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్ అసిస్టెంట్లు, అవకాశాల కోసం వచ్చిన కుర్రాళ్ళు అద్దెకుండే సందులు. టిఫిన్ బండి, కర్రీ పాయింట్, టైలరు, జిరాక్స్, మెడికల్ షాపు, మొబైల్ రిపేరు, అన్నీ నేల మట్టానికి, షట్టరు తీస్తే రోడ్డే. అందం లేదు, మురుగు ఉంది, నడక మాత్రం ఉంది. సందు ఇరుకు కాబట్టి కారు జంకుతుంది.

*ఓపెన్ ప్లాజా.* కాస్త ఆగి చెప్పుకోవలసిన మాట.

మాల్ అన్నది పుట్టిందే ఒక ఊరి చలికి. వియన్నా నుంచి అమెరికా వెళ్ళిన విక్టర్ గ్రూయెన్ 1956లో మినెసోటాలో సౌత్‌డేల్ కట్టాడు. పూర్తిగా మూసి, ఏడాది పొడుగునా ఒకే ఉష్ణోగ్రత ఉండేలా చేసిన తొలి షాపింగ్ సెంటర్ అది. బయట మంచు, లోపల వియన్నా వీధి, ఇదీ అతని ఊహ. చుట్టూ ఇళ్ళు, బడులు, ఆసుపత్రి వస్తాయనుకున్నాడు. వచ్చింది పార్కింగ్ మైదానం. చివరి రోజుల్లో ఆ మాల్స్ తన బిడ్డలు కావని బాహాటంగానే అన్నాడు. మన దగ్గర చలి స్థానంలో ఎండ. 2009 ప్రాంతంలో బంజారాహిల్స్‌లో జీవీకే వన్, మాదాపూర్‌లో ఇనార్బిట్ తెరుచుకున్నాక మే నెల మధ్యాహ్నం నడవడానికి మధ్యతరగతికి ఒక చోటు దొరికింది. ఏమీ కొనకుండా పిల్లల్ని ఎస్కలేటర్ ఎక్కించి దింపే కుటుంబాలను చూసి నవ్వేవాళ్ళున్నారు. నాకైతే అందులో నవ్వవలసింది ఏమీ కనిపించదు.

మాల్స్ మీద మొహం మొత్తాక అమెరికాలోనే కప్పు తీసేశారు. లాస్ ఏంజిలిస్‌లో యూనివర్సల్ స్టూడియో పక్కన 1993లో జాన్ జెర్డె గీసిన సిటీవాక్, అదే ఊళ్ళో 2002లో వచ్చిన గ్రోవ్ పేరుపొందాయి. చూడటానికి వీధే. కానీ చాలామంది ముందు కారు పార్కింగ్‌లో పెట్టి, తర్వాత ఆ వీధిలోకి వస్తారు. ఈ కిటుకు ఫిల్మ్‌నగర్‌కు ఒకరు నేర్పాలా? 2003లో వచ్చిన 'ఒక్కడు' కోసం నగర శివార్లలో చార్మినార్ సెట్టు వేశారు. అసలు చార్మినార్ దగ్గర ఆ రద్దీలో షూటింగ్ నడిపించడం కష్టం. సెట్టులో వీధి మొత్తం నిర్మాతది: ట్రాఫిక్ రాదు, బిచ్చగాడు రాడు, ప్యాకప్ చెప్పగానే ఖాళీ. ఓపెన్ ప్లాజా కూడా ఆ జాతిదే. రాళ్ళు పరిచిన బాట, వేప చెట్టుకు చుట్టిన లైట్లు, కాఫీ బల్లలు, చివర్న సెక్యూరిటీ. బాట పొడుగు యజమాని ప్లాటు పొడుగంతే.

దీనికి హైదరాబాద్ దగ్గరే పాత జవాబు ఒకటుంది. 1908 మూసీ వరద తర్వాత 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, చార్మినార్‌కు వెళ్ళే దారిలో పత్తర్‌గట్టిని రాతి కమానులతో కట్టించింది. షాపుల ముందు వరుసగా వరండా, నెత్తిన నీడ, పక్కన తెరిచిన రోడ్డు. మాల్ ఇచ్చే నీడా ఉంది, ప్లాజా ఇచ్చే గాలీ ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, ఒకరి వరండా పక్కవాడి వరండాలో కలుస్తుంది. ఇప్పుడు అక్కడ సామాన్లు వరండాల్ని ఆక్రమించాయనేది వేరే గొడవ. గీత మాత్రం సరిగ్గా గీశారు. జూబ్లీహిల్స్‌లో కొత్తగా కట్టేవాళ్ళు ముందు వదిలే జాగాను ఇలా పక్క ప్లాటుతో కలిపితే, ఎండాకాలంలోనూ ఓపెన్ ప్లాజా అన్న పేరుకు అర్థం ఉంటుంది. ఒక్క బిల్డరు చేస్తే చాలదు, వరుసలో అందరూ చేయాలి. నగరపాలక సంస్థ పూనుకోకుండా జరిగే పని కాదిది.

*చెక్‌పోస్ట్ మెట్రోకు నడిచేంత దూరం.* జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ స్టేషన్ 2019 మేలో తెరిచారు. బోర్డు దూరాన్ని మీటర్లలో కొలుస్తుంది. నడిచేవాడు దాన్ని దాటవలసిన రోడ్లతో కొలుస్తాడు. చెక్‌పోస్ట్ కూడలిలో సిగ్నల్ కోసం కాచుకుని సగం దాటి డివైడరు మీద నిలబడటం కన్నా, స్టేషను మెట్లెక్కి అటువైపు దిగడమే నయం. రైలెక్కని వాళ్ళకు కూడా మెట్రో ఈ విధంగా అక్కరకొస్తోంది.

నడిచే కోరిక ఈ ఊళ్ళో తక్కువేమీ కాదు. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి తెరిచినప్పుడు జనం ఎగబడ్డారు, మొదట్లో వారాంతాల్లో వాహనాలు ఆపేసి వంతెనను నడిచేవాళ్ళకే వదిలారు. కేబీఆర్ పార్కు చుట్టూ పొద్దున్నే చూడండి. నడవడానికి వచ్చినవాళ్ళ కార్లు రోడ్డు పక్క బారులు తీరి ఉంటాయి.

*రెండు సెల్లార్ల పార్కింగ్.* బండ పగలగొట్టి తీసిన గోతులు. ఖర్చు అద్దెలో కలుస్తుంది, కాలినడకన వచ్చినవాడు కొన్న చొక్కాలోనూ అందులో వంతు ఉంటుంది. 2018 ఏప్రిల్ నుంచి మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగుకు రుసుము తీసుకోకూడదని తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. బండివాళ్ళు మెచ్చుకున్నారు, న్యాయమే. గేటు ముందు ఫుట్‌పాత్ తెగకూడదని కూడా అంతే గట్టిగా అమలయ్యే ఉత్తర్వు ఒకటి వస్తే బాగుండేది.

*వ్యాలే కలదు.* సినిమా వాళ్ళున్న పేట కాబట్టి దీన్ని పూర్తిగా తప్పుపట్టలేం. హీరో రోడ్డు మీద పది అడుగులు వేస్తే సెల్ఫీలతో ట్రాఫిక్ ఆగిపోతుంది. కారు తలుపు దగ్గర్నుంచి షాపు తలుపు దాకా ఉన్న ఆ కాస్త దూరమే వాళ్ళకు మిగిలిన వీధి. ఇబ్బందల్లా, నలుగురు తారల కోసం పెట్టిన ఏర్పాటును నలభై మంది మామూలువాళ్ళ కార్లకూ వర్తింపజేయడంలో ఉంది. వ్యాలే కుర్రాళ్ళ గొడుగూ, తాళాల బల్లా, ఎర్ర కోన్లూ ఫుట్‌పాత్ మీదే వెలుస్తాయి. సాయంత్రం ఏడింటికి వచ్చిన కార్లు వరుసలో ఆగి ఎడమ లేనంతా మింగేస్తాయి, మెట్రో దిగి వచ్చినవాడు వాటికీ వెళ్ళే ట్రాఫిక్‌కీ మధ్య సందు వెతుక్కుంటాడు. వ్యాలే బల్లను సెల్లారు ర్యాంపు లోపలికి జరపడానికి ఏ చట్టమూ మార్చనక్కర్లేదు, అద్దెకిచ్చేటప్పుడు అగ్రిమెంట్‌లో ఒక షరతు రాసుకుంటే సరిపోతుంది.