సొంత పేరే పరాయిదైన వేళ

1931 నవంబరులో లండన్ న్యాయస్థానం ముందుకు రెండు సీల్డు కవర్లు వచ్చాయి. ఒకటి నేపియర్ కంపెనీది. రెండోది బ్రిటిష్ సెంట్రల్ ఈక్విటబుల్ ట్రస్ట్ అనే సంస్థది. మోటారు లోకంలో అంతవరకూ దాని ఊసే లేదు. ఆ రెండో కవరులో అంకె పెద్దది. సుమారు 1,25,000 పౌండ్లకు బెంట్లీ మోటార్స్ చేతులు మారింది. కార్ఖానా, యంత్రాలు, విడిభాగాలు, బెంట్లీ అన్న పేరు, చివరికి ఆ పేరు మోస్తున్న మనిషి చేసుకున్న ఉద్యోగ ఒప్పందం, అన్నీ ఆ ధరలోనే కలిసిపోయాయి.

ఆ మనిషి వాల్టర్ ఓవెన్ బెంట్లీ. లోకం అతన్ని డబ్ల్యూ.ఓ. అనే పిలిచింది. 1888లో లండన్‌లో, తొమ్మిది మంది సంతానంలో కడగొట్టువాడిగా పుట్టాడు. పదహారేళ్లకే డాంకాస్టర్‌లో గ్రేట్ నార్తర్న్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరి, ఆవిరి ఇంజన్ల మధ్య చేతులు మసి చేసుకుని పని నేర్చాడు. తర్వాత అన్నతో కలిసి డి.ఎఫ్.పి. అనే ఫ్రెంచి కార్లు అమ్మాడు. 1913లో ఆ ఫ్రెంచి ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు బల్లమీద కాగితాలు ఎగరకుండా పెట్టిన చిన్న అల్యూమినియం పిస్టన్ అతని కంటపడింది. ఇంత తేలికైన లోహంతో అసలు పిస్టనే ఎందుకు పోయకూడదని అడిగాడు. కొంచెం రాగి కలిపి పోయించాడు. కారు వేగం పెరిగింది.

మరుసటి ఏడే యుద్ధం వచ్చింది. ఈ కిటుకును దాచుకుని ఉంటే అది అతనికి పెద్ద ఆస్తి అయ్యేది. డబ్ల్యూ.ఓ. దాచుకోలేదు. నౌకాదళ వైమానిక విభాగం తరఫున డర్బీ వెళ్లి రోల్స్ రాయిస్ ఇంజనీర్లకు చెప్పేశాడు. వాళ్ల ఈగిల్ విమాన ఇంజన్‌లోకి అల్యూమినియం పిస్టన్లు వచ్చాయి. తాను రూపొందించిన బి.ఆర్.1 ఇంజన్ సాప్‌విత్ క్యామెల్ విమానాలను నడిపింది. ఆ రోజు డర్బీలో తన విద్యను ఊరికే ఇచ్చేసి వచ్చిన మనిషినే పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ కంపెనీ కొనుక్కుంది. ఈ కథలో నన్ను ఎక్కువగా కలచివేసేది ఇదే.

1919లో బెంట్లీ మోటార్స్ పుట్టింది. బేకర్ స్ట్రీట్ దగ్గర ఒక చిన్న సందులో మొదటి 3 లీటర్ ఇంజన్ మోగింది. ఒక్కో సిలిండర్‌కు నాలుగు వాల్వులు, రెండు స్పార్క్ ప్లగ్గులు, పైన క్యామ్‌షాఫ్ట్. అప్పట్లో రేసు కార్లకే ఉండే ఇలాంటి ఏర్పాటును రోడ్డుమీద తిరిగే కారులో పెట్టాడు. షాసీకి అయిదేళ్ల హామీ ఇచ్చాడు. అదే ఏడు నవంబరులో ఒలింపియా మోటార్ షోలో కారును చూపించారు. కానీ తొలి కొనుగోలుదారుకు బండి అందేసరికి 1921 సెప్టెంబరు వచ్చింది. దాదాపు రెండేళ్లు ఖర్చే తప్ప రాబడి లేదు. పుట్టినప్పుడు పడిన ఆ లోటు కంపెనీని చివరిదాకా వదల్లేదు. ఉత్తర లండన్‌లోని క్రికిల్‌వుడ్ ఫ్యాక్టరీలో పనితనానికి కొదవలేదు, మూలధనానికే కొదవ.

పేరు మాత్రం ఆకాశాన్నంటింది. ఫ్రాన్స్‌లోని ల మాన్స్‌లో ఇరవైనాలుగు గంటల పందెం 1923లో మొదలైంది. ఏ కారూ అంతసేపు తట్టుకోదని మొదట డబ్ల్యూ.ఓ. కూడా అనుకున్నాడు. 1924లో జాన్ డఫ్, ఫ్రాంక్ క్లెమెంట్ బెంట్లీతో గెలిచారు. 1927లో వైట్ హౌస్ మలుపు దగ్గర జరిగిన ప్రమాదంలో మూడు బెంట్లీలూ చిక్కుకున్నాయి. ఒకటే బయటపడింది. ఇరుసు వంగి, దీపం పగిలిన ఆ బండిని బెంజాఫీల్డ్, సామీ డేవిస్ రాత్రంతా లాక్కొచ్చి గెలిపించారు. ఆ తర్వాత 1928, 1929, 1930 కూడా బెంట్లీవే. 1929లో మొదటి నాలుగు స్థానాలూ బెంట్లీలకే దక్కాయి.

గెలుపుల వెనక లెక్కల పుస్తకం వేరే కథ చెబుతోంది. 1926లోనే కంపెనీ మునిగిపోవాల్సింది. కింబర్లీ వజ్రాల గనుల్లో కోట్లు గడించిన బార్నీ బార్నాటో కొడుకు వుల్ఫ్ బార్నాటో డబ్బు పెట్టి నిలబెట్టాడు. ఛైర్మన్ అయ్యాడు. తాను పాల్గొన్న మూడు ల మాన్స్ పందేలూ గెలిచిన మొనగాడు అతను. అయితే ఆ రోజు నుంచి డబ్ల్యూ.ఓ. తాను పుట్టించిన కంపెనీలోనే ఉద్యోగి. రేసు డ్రైవరు టిమ్ బర్కిన్ 4½ లీటర్ ఇంజన్‌కు సూపర్‌ఛార్జర్ బిగించాలన్నప్పుడు, అది ఇంజన్ స్వభావాన్నే చెడగొడుతుందని డబ్ల్యూ.ఓ. వద్దన్నాడు. బార్నాటో సరేనన్నాడు. సూపర్‌ఛార్జర్ బిగించిన ఆ ‘బ్లోయర్’ బెంట్లీలు ల మాన్స్‌లో ఎన్నడూ గెలవలేదు.

1930 అక్టోబరులో ఒలింపియా షోలో 8 లీటర్ కారు వచ్చింది. డబ్ల్యూ.ఓ. జీవితమంతా నేర్చిన పని అందులో ఉంది. వరుసగా ఆరు సిలిండర్లు, 7,983 సి.సి. ఇంజన్. క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పడానికి గొలుసు పెట్టకుండా, రైలింజన్ చక్రాలను కలిపే కడ్డీల తరహాలో మూడు కడ్డీలు అమర్చాడు. డాంకాస్టర్ కుర్రవాడి చదువు ఆ కారు గుండెలో అలా నిలిచిపోయింది. టాప్ గేరులోనే మనిషి నడకంత మెల్లగానూ వెళ్లగలదు, బరువైన సెలూన్ బాడీ కట్టించినా గంటకు 100 మైళ్లూ అందుకోగలదు. అదీ చప్పుడు లేకుండా. రోల్స్ రాయిస్ వారి ఫాంటమ్‌కు సరిజోడు దొరికింది.

కానీ వేళ మంచిది కాదు. వాల్ స్ట్రీట్ కుప్పకూలి అప్పటికి ఏడాది. బాడీ లేకుండా ఒక్క షాసీ ధరే 1,850 పౌండ్లు. కొనగలిగినవాళ్లు కరువయ్యారు. మొత్తం వంద కార్లు మాత్రమే తయారయ్యాయి. 1931లో తనఖా వాయిదాలు కట్టాల్సి వచ్చినప్పుడు బార్నాటో ఇక నావల్ల కాదన్నాడు. అయిదేళ్లు ధారపోసినవాణ్ణి అందుకు తప్పుపట్టలేం. జులైలో అప్పులపాలైన కంపెనీని చేతిలోకి తీసుకునే రిసీవర్ వచ్చాడు.

నేపియర్ కొంటుందని అందరూ నమ్మారు. డబ్ల్యూ.ఓ. వాళ్ల కోసం కొత్త కారు గీతలు గీయడం కూడా మొదలుపెట్టాడు. ఆ ఆశ మీద రెండో కవరు పడింది. ట్రస్టు ముసుగులో ఉన్నది రోల్స్ రాయిస్ అని కొన్ని రోజులదాకా అతనికీ తెలియదు. తెలిశాక చేయగలిగింది లేదు. రోల్స్ రాయిస్ 8 లీటర్ తయారీని ఆపేసింది. అతను వాడుకుంటున్న 8 లీటర్ కారు కూడా చేజారింది. హెన్రీ రాయిస్ బాల్యంలో పని నేర్చింది కూడా అదే గ్రేట్ నార్తర్న్ రైల్వేలో. ఒకే కొలిమి దగ్గర ఎదిగిన ఇద్దరిలో ఒకరు యజమాని, మరొకరు ఒప్పందానికి కట్టుబడ్డ ఉద్యోగి. 1933లో డర్బీ నుంచి బెంట్లీ పేరుతో కొత్త కారు వచ్చింది. అందమైన కారే. అందులో డబ్ల్యూ.ఓ. గీసిన గీత లేదు. దాన్ని నడిపి చూసి నివేదిక రాయడమే అతని పని.

1935లో ఒప్పందం తీరగానే లాగొండా కార్ల కంపెనీకి వెళ్లి మళ్లీ గీతలు పట్టాడు. అతని వి12 లాగొండాలు 1939 ల మాన్స్‌లో మూడు, నాలుగు స్థానాల్లో వచ్చాయి. యుద్ధానంతరం అతని పర్యవేక్షణలో తయారైన 2.6 లీటర్ ఇంజనే ఆస్టన్ మార్టిన్ డి.బి.2లోకి వెళ్లింది. ఇంత చేసినా తన కారు మీద తన పేరు వేసుకునే హక్కు మాత్రం అతనికి తిరిగి రాలేదు.

ఓడలు బళ్లవుతాయంటారు. 1971 ఫిబ్రవరిలో ఆర్.బి.211 విమాన ఇంజన్ ఖర్చు మోయలేక రోల్స్ రాయిస్ కూడా రిసీవర్ చేతిలో పడింది. అదే ఏడు ఆగస్టులో డబ్ల్యూ.ఓ. కన్నుమూశాడు. ఆ పతనం చూసి ఎవరికైనా తృప్తి కలిగితే అది అతని స్వభావానికి అన్యాయం. డర్బీ వెళ్లి తన విద్య పంచిన మనిషి అతను.

అతని సొంత 8 లీటర్ ఇప్పుడు బాగుపడి బెంట్లీ కంపెనీ సేకరణలో ఉంది. వందలో చాలా కార్లు ఇంకా బతికే ఉన్నాయి. వాటిని బాగుచేయడం తేలిక కాదు. సిలిండర్ హెడ్, బ్లాకు ఒకే పోతగా ఉంటాయి కాబట్టి ఒక్క వాల్వు రుద్దాలన్నా బ్లాకు మొత్తం పైకెత్తాలి. అంత శ్రమకోర్చే చేతులకు నమస్కారం. కానీ ఒక బాధ ఉంది. చాలా పాత బెంట్లీలకు అసలు సెలూన్ బాడీలు పీకేసి ల మాన్స్ తరహా ఓపెన్ బాడీలు కట్టించారు. పందెం కారు వేషానికి గిరాకీ ఎక్కువ. డబ్ల్యూ.ఓ. చివరి పందెం రేసు మైదానంలో కాయలేదు. బరువైన బాడీని, నలుగురు మనుషులను మోస్తూ నిశ్శబ్దంగా 100 మైళ్లు పరుగెత్తే కారు మీద కాశాడు, దానికోసం సర్వం పోగొట్టుకున్నాడు. ఆ బాడీ ఇంకా నిలిచి ఉన్న ప్రతి 8 లీటర్‌నూ అలాగే ఉంచాలి. పేరును కోర్టు అమ్మేసింది. అతని ఉద్దేశాన్ని కూడా మన చేతులతో మనం చెరిపేయకూడదు.