మిల్లు నేలపై వెలసిన అంగళ్లు
(ముంబయి పెద్ద వర్తకుల పూర్వవృత్తులు – ఒక పరిశీలన)

వర్తకం వల్ల నగరాలు పెరుగుతాయి. నగరాల వల్ల వర్తకం విస్తరిస్తుంది. ముంబయి మహానగర చరిత్ర ఇందుకు నిదర్శనం. అయితే ఆ వర్తకానికి సారథ్యం వహించినవారు ఎక్కడినుండి వచ్చారు, అంతకు పూర్వం వారు చేసిన పనులేమిటి, ఏ అనుభవం వారికి అక్కరకు వచ్చింది అనే సంగతులు మన చరిత్ర పాఠాలలో కానరావు. రాజుల వంశావళులను కంఠస్థం చేయించే మనం, పిల్లలు నిత్యం చూస్తున్న పెద్ద అంగళ్ల పుట్టుపూర్వోత్తరాలను మాత్రం వారికి చెప్పం. మన పాఠశాల ప్లాటినం జూబ్లీ జరుపుకుంటున్న ఈ శుభసమయంలో ఆ చరిత్రను స్థూలంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయం మనకు పరాయిదేమీ కాదు. తెలుగువారు ఈ నగరానికి ప్రధానంగా రెండు పనుల కోసం వచ్చారు. మొదటిది కట్టడం, రెండవది నేయడం. తాపీ పనికి, మట్టి పనికి వచ్చిన కామాఠీల పేరు కామాఠీపురాలో నేటికీ నిలిచి ఉన్నది. తెలంగాణ జిల్లాలనుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు నూలు మిల్లులలో మగ్గాల ముందు నిలబడి బతుకు నేసుకున్నాయి. నేడు పెద్ద అంగళ్లు వెలసిన నేలలో కొంత భాగం ఆ మిల్లులదే. కనుక ఈ చరిత్ర వర్తకుల చరిత్ర ఎంతో, మన పెద్దల చరిత్ర కూడా అంతే.

మిల్లుల నగరం

1854లో కావస్జీ నానాభాయి దావర్ అనే పార్శీ వర్తకుడు బొంబాయిలో మొదటి నూలు మిల్లును నెలకొల్పాడు. 1856లో అది ఉత్పత్తి ప్రారంభించింది. అనంతర కాలంలో పరేల్, వర్లీ, లాల్‌బాగ్ ప్రాంతాలు పొగగొట్టాల అడవులయ్యాయి. మిల్లు భోంగా మోతతోనే ఆ పేటలలో తెల్లవారేది.

1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వాన సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మెను విరమిస్తున్నట్లు లాంఛనంగా ఎవరూ ప్రకటించలేదు. అది కాలగర్భంలో కలిసిపోయింది. మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. యంత్రాలకు విలువ పోయింది. యంత్రాల కింది నేలకు మాత్రం విలువ పెరిగింది.

ఇందుకు కారణం తెలుసుకోవాలంటే నగరంలోని అద్దెల చరిత్రను చూడాలి. 1947 నాటి బొంబాయి అద్దె నియంత్రణ చట్టం పాత అద్దెలను 1940 నాటి స్థాయిలో కట్టివేసింది. యజమానులకు అద్దెమీద ఆశ పోయి, చేతులు మారినప్పుడల్లా పెద్ద మొత్తం పుచ్చుకునే ‘పగడీ’ పద్ధతి పాతుకుపోయింది. పాత బజారులో చిన్న దుకాణదారు తన నాలుగు గజాల చోటును విడిచిపెట్టడు; కొత్తవాడికి విశాలమైన చోటు దొరకదు. వేల చదరపు గజాల నేల ఒక్కచోట, ఒక్క యజమాని చేతిలో ఉన్నది మిల్లులలోనే.

మిల్లు భూముల విషయమై 1991లో ప్రభుత్వం ఒక నియమం చేసింది. భూమిలో మూడవ వంతు నగరపాలక సంస్థకు, మూడవ వంతు సామాన్యుల గృహనిర్మాణానికి ఇచ్చి, తక్కిన భాగాన్ని యజమాని అభివృద్ధి చేసుకోవచ్చు. 2001లో దానిని సవరించారు. కట్టడాలు లేని ఖాళీ జాగాలో మాత్రమే ఆ వాటాలు పంచితే చాలునన్నారు. దానితో ప్రజలకు దక్కే భాగం మిక్కిలి కుంచించుకుపోయింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. నియమంలో మారినవి కొన్ని మాటలే. వాటివల్ల నగర స్వరూపమే మారిపోయింది.

కార్మికులు తెరిచిన బజారు

పెద్ద అంగడి అనగానే ధనవంతుల పేర్లే గుర్తుకు వస్తాయి గాని, ముంబయిలో ఆ దారి తొక్కినవారిలో కార్మికులూ ఉన్నారు. 1948లో నాయ్‌గావ్ మిల్లు ప్రాంతంలో కార్మికుల సహకార సంఘంగా ‘అప్నా బజార్’ వెలసింది. కల్తీలేని సరుకు, సరియైన తూకం, న్యాయమైన ధర దాని ధ్యేయాలు. లాభం సభ్యులది, పెత్తనం సభ్యులది. ఈ బజారు పేరు ఈ కథలో మరొకసారి వస్తుంది గనుక పాఠకులు గుర్తుంచుకొనగలరు.

నాలుగు తోవలు

1991 తరువాత వచ్చిన పెద్ద వర్తకులను పరిశీలిస్తే, వారు నాలుగు వేర్వేరు తోవలలో ఈ రంగానికి చేరినట్లు తెలుస్తుంది.

మొదటిది ఇటుక తోవ. గృహనిర్మాణంలో పేరెన్నికగన్న రహేజా కుటుంబం 1991 అక్టోబరులో అంధేరీలో ‘షాపర్స్ స్టాప్’ తెరిచింది. కట్టడం వారికి వచ్చు, అమ్మడం కొత్త. అందువల్ల నిర్వహణశాస్త్రం చదివి, వినియోగ వస్తువుల కంపెనీలలో పనిచేసిన బి.ఎస్. నగేశ్‌ను తొలి ఉద్యోగిగా నియమించుకున్నారు. నేల తెలిసినవాడు, కొనుగోలుదారు తెలిసినవాడు కలిసి పనిచేస్తేనే పెద్ద అంగడి నిలుస్తుందన్న సత్యం ఇక్కడ బోధపడుతుంది. ఆ నగేశ్ తరువాత కాలంలో అంగళ్లలో పనిచేసే సిబ్బంది గౌరవం కోసం, శిక్షణ కోసం 2011లో ఒక ధర్మసంస్థను స్థాపించారు. డిసెంబరు 12వ తేదీని అంగడి ఉద్యోగుల దినంగా పాటించే ఆనవాయితీ ఆ సంస్థ వల్లనే ఏర్పడింది.

రెండవది మిల్లు యజమానుల తోవ. 1905లో స్థాపితమైన ఫీనిక్స్ మిల్లు రుయా కుటుంబానికి చెందినది. ఆ వంశంలోని అతుల్ రుయా అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రసాయన ఇంజనీరింగు, వ్యాపార నిర్వహణ చదివి వచ్చి, 1996లో సంస్థ పాలకవర్గంలో చేరారు. లోయర్ పరేల్‌లోని మిల్లు ఆవరణ ‘హై స్ట్రీట్ ఫీనిక్స్’ అనే అంగళ్ల సముదాయమైంది. నూలు తీసిన షెడ్లలో తయారైన దుస్తులు అమ్మకానికి వచ్చాయి. ఇదే కాలంలో, 1999లో, వస్త్ర వ్యాపారంనుండి ఔషధ పరిశ్రమకు మళ్లిన పీరామల్ కుటుంబం తాడ్‌దేవ్‌లో ‘క్రాస్‌రోడ్స్’ను తెరిచింది. జనం తండోపతండాలుగా రాగా, సెల్ ఫోను గాని క్రెడిట్ కార్డు గాని లేనివారు లోపలికి రావడానికి 60 రూపాయలు చెల్లించాలని నిబంధన పెట్టారు. బజారు అంటే అందరూ వచ్చే చోటు అని నమ్మిన ఈ దేశంలో అది వింత నియమమే.

మూడవది బట్టల తోవ. కిశోర్ బియానీ 1961లో బొంబాయిలోని మార్వాడీ వస్త్ర వర్తక కుటుంబంలో జన్మించారు. యువకుడిగా స్టోన్‌వాష్ గుడ్డను సేకరించి దుస్తుల తయారీదారులకు అమ్మారు. 1987లో సొంతంగా పాంట్ల తయారీ కంపెనీ పెట్టారు. 1997లో కలకత్తాలో ‘పాంటలూన్స్’, 2001లో కలకత్తా, హైదరాబాదు, బెంగళూరు నగరాలలో కొద్ది రోజుల వ్యవధిలోనే ‘బిగ్ బజార్’ తెరిచారు. అనంతరం ఫీనిక్స్ మిల్లు ఆవరణలో ముంబయి దుకాణం వచ్చింది. క్రాస్‌రోడ్స్ వారు గుంపును చూసి భయపడగా, బియానీ గుంపునే ఆహ్వానించారు. చెన్నై త్యాగరాయనగర్‌లోని ‘శరవణ స్టోర్స్’లో జనసమ్మర్దాన్ని గమనించి, మధ్యతరగతి ఇల్లాలికి నిశ్శబ్దంగా మెరిసే దుకాణంకన్న సందడిగా ఉన్న దుకాణమే చేరువ అని ఆయన గ్రహించారు. గోధుమలను, పప్పులను చేతిలోకి తీసుకుని చూసుకునే వీలు కల్పించారు. మన సంతలలోని మర్యాదను అద్దాల భవనంలోకి తెచ్చినవారు ఆయన అనడం అతిశయోక్తి కాదు.

నాలుగవది షేర్ బజారు తోవ. రాధాకిషన్ దమానీ కళాశాలలో కామర్స్ చదువును మధ్యలో మాని, బాల్ బేరింగుల వ్యాపారం చేశారు. తండ్రి మరణానంతరం షేర్ల దళారీ వృత్తిలోకి వచ్చారు. దశాబ్దాలపాటు కంపెనీల లెక్కలను చదవడమే ఆయనకు విద్య అయింది. అంగడి పని నేర్చుకోవడానికి ఆయన ఎంచుకున్న బడి ఏదనుకున్నారు? మనం పైన చెప్పుకున్న అప్నా బజారే. నవీ ముంబయిలోని నేరుల్‌లో దాని శాఖ ఒకదానిని ఫ్రాంచైజీగా తీసుకుని నడిపి, లోటుపాట్లు గ్రహించి, 2002లో పవయీలో మొదటి ‘డి-మార్ట్’ను తెరిచారు. 2004లో హిందుస్థాన్ లీవర్ సంస్థనుండి వచ్చి చేరిన నెవిల్ నొరోన్హా సుమారు రెండు దశాబ్దాలపాటు దానిని నడిపించారు. సబ్బులు, నూనెలు దుకాణాలకు చేర్చే సంస్థలో నేర్చిన పాఠం, అవే సబ్బులను కొనేవారి పక్షాన నిలబడి బేరమాడడానికి ఉపయోగపడింది.

ఒకరి పతనం, ఒకరి స్థిరత్వం

ఈ నలుగురిలో చివరి ఇద్దరినీ పక్కపక్కన నిలిపి చూస్తే వర్తకశాస్త్రంలోని ముఖ్యమైన పాఠం తెలుస్తుంది. బియానీకి కొనుగోలుదారుల మనసు తెలుసు. దేశమంతటా శీఘ్రగతిని విస్తరించారు. అయితే దుకాణాలు అధికభాగం అద్దె చోట్లలో ఉండేవి. విస్తరణ అప్పులతో సాగింది. 2020లో కోవిడ్ మహమ్మారి వల్ల దుకాణాలు మూతపడినప్పుడు అమ్మకాలు ఆగాయి గాని అద్దెలు, వడ్డీలు ఆగలేదు. చెల్లింపులు నిలిచిపోయిన పలు దుకాణాల కౌళ్లను రిలయన్స్ సంస్థ తన పేర పొంది, 2022 ఫిబ్రవరిలో ఆ చోట్లను తన అధీనంలోకి తీసుకోసాగింది. అదే సంవత్సరం జూలైలో బియానీ కంపెనీ ఫ్యూచర్ రిటైల్‌పై దివాలా ప్రక్రియ మొదలైంది. ఇరవై ఏళ్లలో కట్టిన సౌధం, కాళ్ల కింది నేల తనది కాకపోవడంచేత కూలింది.

దమానీ పద్ధతి ఇందుకు భిన్నం. చోటును సాధ్యమైనంతవరకు కొనడం, లేదా దీర్ఘకాలపు కౌలుకు తీసుకోవడం. ఖరీదైన కూడళ్లను విడిచి జనం నివసించే పేటల చెంత దుకాణం పెట్టడం. సరుకు ఇచ్చినవారికి సత్వరం సొమ్ము చెల్లించి తక్కువ ధర పొందడం. ఆ తగ్గింపును కొనేవారికి పంచడం. ఆర్భాటం లేదు, తొందర లేదు. 2017 మార్చిలో ఆ సంస్థ ప్రజలకు 299 రూపాయలకు ఇచ్చిన షేరు ధర, బజారులోకి వచ్చిన తొలి రోజుననే రెట్టింపుకు మించింది. ‘ఇల్లు కట్టి చూడు’ అన్న మన పెద్దలు అంగడి మాట చెప్పలేదు గాని, అద్దె లెక్క చూసుకోని వర్తకుడి గతి ఏమవుతుందో ఈ కథ చెబుతున్నది.

కౌంటరుకు ఈవల, ఆవల

ఇంతవరకు నాయకుల సంగతి చెప్పుకున్నాం. అదే నేలమీద చెమటోడ్చినవారి సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. మిల్లు కార్మికులకు ఇళ్లు ఇచ్చే పథకం కింద లక్షకు మించి దరఖాస్తులు వచ్చాయి. 2012లో లాటరీలో తీసిన ఇళ్లు ఏడువేలలోపు. అటుపిమ్మటి లాటరీల తరువాత కూడా నిరీక్షించేవారి సంఖ్యయే అధికం. నేల విలువ పెరగడానికి మూడు తరాలు పనిచేసినవారికి ఆ నేలలో నీడ దక్కకపోవడం ఈ నగరం తీర్చవలసిన ఋణం.

ఆ కార్మికుల మనుమలు, మనుమరాండ్రు మన పాఠశాలలో చదివారు, చదువుతున్నారు. వారిలో కొందరు నేడు అవే అంగళ్లలో బిల్లు యంత్రం ముందు, బట్టల అరల మధ్య రోజుకు పది గంటలు నిలబడి పనిచేస్తున్నారు. తాత మగ్గం ముందు నిలబడ్డాడు; మనుమరాలు కౌంటరు వెనుక నిలబడుతున్నది. నిలబడడం తరతరాలుగా మన వంతు కాగా, కూర్చుని లెక్క చూడడం పరుల వంతు కావాలా? విద్యాసంస్థలు వేసుకోవలసిన ప్రశ్న ఇదే.

పై జీవితాలను గమనిస్తే ఒక ఆశ కలుగుతుంది. వారిలో కొందరికి పుట్టుకతోనే భూమి, సొమ్ము సంక్రమించాయి. ఆ నిజాన్ని దాచి పిల్లలకు కల్లబొల్లి మాటలు చెప్పరాదు. అయినా కిరాణా అంగడి పెద్ద చదువుల కోర్సుగా ఎవరికీ రాలేదు. ఒకరు గుడ్డ మూటలలో, ఒకరు షేర్ల లెక్కలలో, ఒకరు సబ్బుల అమ్మకంలో నేర్చుకున్నారు. కోట్లకు అధిపతి అయిన దమానీ సైతం సహకార సంఘపు శాఖలో పాఠం నేర్చి గాని సొంత దుకాణం పెట్టలేదు. కౌంటరు వెనుక నిలబడే పిల్లకు ఏ సరుకు ఏ వేళకు అమ్ముడవుతుందో, ఏ ఇల్లాలు దేనిని తాకి చూసి తిరిగి అరలో పెడుతుందో తెలుస్తుంది. ఆ తెలివికి లెక్కలు, కౌలు పత్రాన్ని చదివి అర్థం చేసుకునే నేర్పు, నాలుగు భాషలలో మాట్లాడే చొరవ తోడైతే ఆమె దుకాణపు మేనేజరు కాగలదు. స్వంత అంగడి పెట్టగలదు. ముంబయి తెలుగు బిడ్డకు తెలుగు, మరాఠీ, హిందీ, ఇంగ్లీషు నాలుగూ చెవిన పడుతూనే ఉంటాయి. వర్తకానికి ఇంతకు మించిన పెట్టుబడి అరుదు.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటి. వడ్డీ లెక్క, లాభనష్టాల లెక్క చెప్పేటప్పుడు అద్దె లెక్కను కూడా చెప్పండి. పూర్వ విద్యార్థులలో వర్తకంలో రాణించినవారు ఏడాదికొక్కసారైనా వచ్చి, తాము చేసిన మొదటి పని ఏమిటో, అందులో ఏమి నేర్చారో పిల్లలకు చెప్పాలి. 1948లో మిల్లు కార్మికులు తమ బజారును తామే తెరుచుకున్నారు. ఆ ధైర్యం ఈ నేలలోనే పుట్టింది. రాబోయే తరంలో మన పాఠశాల పేరు చెప్పుకునే వర్తకులు, వర్తకురాండ్రు పలువురు తయారు కావాలని, తమ కొట్టులో పనిచేసేవారికి కూర్చోవడానికి ఒక బల్ల వేయడం వారు మరువకూడదని కోరుకుంటున్నాను.