పట్టా చేతికొచ్చిన ఏడాది

స్కాట్లండ్ స్త్రీల చదువుల చరిత్రలో 'తొలి మహిళ'ల జాబితాలు చూసినప్పుడల్లా నేను ఫ్లోరా ఫిలిప్ పేరు దగ్గర ఆగిపోతాను. ఆమె 1857లో టెయిన్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం ఆడవాళ్ళకి పట్టాలివ్వని రోజుల్లో, అక్కడి స్త్రీలు తమ ఉన్నతవిద్య కోసం పెట్టుకున్న సంఘం తరగతుల్లో చదువుకుంది. 1885లో ఆమెకి దక్కింది సర్టిఫికెట్ మాత్రమే. మరుసటి ఏడాది ఎడిన్‌బరో మాథమెటికల్ సొసైటీలో మొదటి మహిళా సభ్యురాలైంది. 1888లో మొదలైన సెయింట్ జార్జ్ బాలికల పాఠశాలలో లెక్కలు చెప్పింది.

1889 నాటి చట్టంతో దారి తెరుచుకుంది. 1893 ఏప్రిల్‌లో ఆ విశ్వవిద్యాలయం పట్టాలిచ్చిన మొదటి ఎనిమిదిమంది స్త్రీలలో ఆమె కూడా ఉంది. ఆ ఏడాదే పెళ్ళి. పెళ్ళితో పాఠాలు ఆగిపోయాయి.

ఆ తర్వాత ఆమె యాభై ఏళ్ళు, 1943 దాకా, బతికింది. నేను చదివిన పుస్తకాలు ఆ యాభై ఏళ్ళనీ ఒక్క వాక్యంలో దాటేశాయి. చదవడానికి, పాఠం చెప్పడానికి పట్టా లేకపోవడం ఆమెకి అడ్డు కాలేదు. పట్టా వచ్చాక పెళ్ళి అడ్డయింది. విశ్వవిద్యాలయం తలుపు ఎప్పుడు తెరుచుకుందో రాసుకున్నంత శ్రద్ధగా, లోపలికి వెళ్ళినవాళ్ళు ఎందుకు వెనక్కి రావలసి వచ్చిందో కూడా మనం రాసుకోవాలి.