గౌతమి నుంచి నిర్మల దాకా: కంప్యూటర్‌లో మన పాత తెలుగు

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, తీరిక చేసుకుని చదవండి. పాత సంచికలన్నీ ఒకచోట చేర్చి పిల్లలకు అందేలా పెడదామని మొన్న గ్రూపులో అనుకున్నాం కదా. పని మొదలుపెట్టగానే ఒక చిక్కు వచ్చింది. సీడీలు ఉన్నాయి, ఫైళ్లూ ఉన్నాయి. కొత్త కంప్యూటర్‌లో తెరుద్దామంటే కొన్ని అసలు తెరుచుకోవు. తెరుచుకున్నవాటిలో తెలుగు ఉండదు, ఇంగ్లీషు అక్షరాలూ డాలరు గుర్తులూ బ్రాకెట్లూ కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు పాడైపోయిందని కొందరు అనుకున్నారు. పాడవలేదు. అసలు సంగతి తెలియాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

అప్పట్లో కంప్యూటర్‌కు తెలుగు అనేదొకటుందనే తెలియదు. అక్షరానికి అది ఇచ్చే గళ్లు 256. అందులో సగం ఇంగ్లీషువే. మనవాళ్లు తెలివిగా ఒక పని చేశారు. ఇంగ్లీషు అక్షరం బొమ్మ ఉండాల్సిన గడిలో తెలుగు తలకట్టో, కొమ్మో, ఒత్తో గీసి పెట్టారు. అను, శ్రీలిపి ఫాంట్లన్నీ ఈ దారిలో వచ్చినవే. కంప్యూటర్ లెక్కలో అది ఇంగ్లీషు రాతే, మన కంటికి మాత్రం తెలుగు. ఫాంటు తీసేస్తే వేషం తీసేసినట్టే, లోపలున్న డాలర్లూ బ్రాకెట్లూ బయటపడతాయి. పైగా ఏ గడిలో ఏ ముక్క పెట్టాలన్నది ఎవరిష్టం వారిది. ఫాంటు ఫాంటుకీ పట్టిక వేరు.

అలాగని ప్రభుత్వం ఊరుకోలేదు. భారతీయ లిపులన్నిటికీ కలిపి ఇస్కీ అనే ప్రమాణం 1991లో ఖాయమైంది. అదే ఏడాది యూనికోడ్ మొదటి రూపం వచ్చింది, అందులో తెలుగుకు సొంత గళ్లు ఉన్నాయి. అంటే ‘క’కు ప్రపంచమంతటా ఒకే నంబరు. కాగితం మీద అంతా బాగానే ఉంది. మన బల్ల మీదికి రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 2000లో వచ్చిన విండోస్‌లో హిందీకీ తమిళానికీ చోటు దొరికింది. తెలుగు 2001లో ఎక్స్‌పీతో వచ్చింది, గౌతమి అనే ఫాంటుతో. గోదావరి పేరు పెట్టుకున్న ఫాంటు అన్నమాట.

ఇక్కడ మన ఊళ్లవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. రామనగుడ, గుణుపురం, రాయగడ వైపు ఒకే పెళ్లికార్డులో తెలుగూ ఒడియా రెండూ వేయించడం మనకు మామూలే. ఎక్స్‌పీలో తెలుగు వచ్చింది గానీ ఒడియా రాలేదు. ఒడియాకు కళింగ అనే ఫాంటు విస్టాతో, అంటే 2007లో వచ్చింది. ఆ మధ్య ఆరేళ్లూ రెండు భాషల కార్డు కొట్టే డీటీపీ షాపుకు యూనికోడ్ వల్ల ఒరిగేదేమిటి? తెలుగుకు అను, ఒడియాకు ఆకృతి. రెండూ పేజ్‌మేకర్‌లో హాయిగా నడుస్తున్నాయి. వాళ్లు మారకపోవడం బద్ధకం కాదు, లెక్క.

ఆ లెక్కను ఇన్నాళ్లు నిలబెట్టింది మైక్రోసాఫ్ట్ పట్టుదలే. కొత్త విండోస్ తెచ్చిన ప్రతిసారీ ముఖం మార్చారు, కానీ పాత ప్రోగ్రాం ఆగకూడదని చాలా పాట్లు పడ్డారు. సిమ్‌సిటీ అనే ఆట కథ చాలామంది చెప్పుకుంటారు. ఆ ఆటలో ఒక తప్పుంది, వదిలేసిన మెమరీని మళ్లీ చదివేది. కొత్త విండోస్ 95లో అది కూలిపోతుందని తెలిసి, ఆ ఆట నడుస్తోందా అని చూసుకుని, నడుస్తుంటే మెమరీని వెంటనే లాక్కోకుండా ఆగే ఏర్పాటును విండోస్‌లోనే రాశారు. తప్పు ఆటది, దిద్దుబాటు విండోస్‌ది. కొనేవాడు ఆటను తిట్టడు, కొత్త విండోస్‌నే తిడతాడని వాళ్లకు తెలుసు. ఎక్స్‌పీ నుంచి ఫైలు ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ అనే ట్యాబు కనిపించడం కూడా ఇందుకే.

ఆపిల్ దారి వేరు. కొంతకాలం వంతెన వేస్తారు, తర్వాత తీసేస్తారు. పాత ప్రాసెసర్ ప్రోగ్రాంలను నడిపే రొసెట్టాను 2011లో తీసేశారు. 2019లో 32 బిట్ ప్రోగ్రాంలన్నిటికీ ఒక్కసారే తలుపు మూశారు. అందుకే వాళ్ల ఇల్లు శుభ్రంగా ఉంటుంది. మన షాపుల్లో ఆ పద్ధతి సాగదు. పేజ్‌మేకర్ చివరి వర్షన్ 7, అది 2001 నాటిది. దానితో ఇరవై ఏళ్లు అన్నం తిన్నవాళ్లు ఉన్నారు.

అయితే నాకు తోచేది ఏమంటే, పాతదాన్ని నడవనిచ్చిన ఆ మంచితనమే మనల్ని ఆలస్యం చేసింది. పేజ్‌మేకర్ ఆగి ఉంటే 2005లోనో 2006లోనో అందరం యూనికోడ్‌కు వచ్చేవాళ్లం. ఆగలేదు కాబట్టి ఇంకో పదిహేనేళ్ల సంచికలు పాత గళ్లలోనే పేరుకున్నాయి. ఈలోగా అడోబీ ఇన్‌డిజైన్ కూడా 2013 తర్వాతి వర్షన్లలో పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవడం మానేసింది. తెరవగల వర్షన్లు పాత కంప్యూటర్లలోనే మిగిలాయి.

ముఖం మార్పుల సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు స్టార్ట్ బటన్ మాయం. కంప్యూటర్ ఎలా ఆపాలో తెలియక జనం తల పట్టుకున్నారు. ఏడాది తిరిగేసరికి 8.1లో బటన్ వచ్చింది, 2015లో విండోస్ 10తో మెనూ కూడా తిరిగొచ్చింది. కానీ బటన్‌కన్నా పెద్ద ఇంటర్‌ఫేస్ మన వేళ్లలో ఉంటుంది. డీటీపీవాళ్లలో చాలామంది చేయి ఆపిల్ కీబోర్డు అనే అమరికకు అలవాటు పడింది. విండోస్ తెలుగుకిచ్చింది ఇన్‌స్క్రిప్ట్. నిమిషానికి ఇన్ని పదాలని కూలి లెక్కపెట్టుకునే మనిషికి కీబోర్డు మార్చుకోమనడం అంటే కొన్ని నెలల సంపాదన వదులుకోమనడమే. ఈ మాట ఆలోచించింది కంపెనీలు కాదు, స్వచ్ఛందంగా పనిచేసిన మనవాళ్లు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే లేఖిని అలా వచ్చిందే. విండోస్‌లోనే ఫొనెటిక్ కీబోర్డు తెలుగుకూ ఒడియాకూ కలిపి వచ్చింది 2019లో.

ఇప్పుడు గౌతమి ఎక్కడుంది? విండోస్ 10 నుంచి దాన్ని ఆప్షనల్ ఫీచర్స్‌లోకి పంపారు, కళింగనూ అలాగే. కావాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఉచితంగా దించుకోవచ్చు. వాటి స్థానంలో నిర్మలా యూఐ అని ఒకే ఫాంటు వచ్చింది. అందులో తెలుగూ ఒడియా పక్కపక్కనే ఉంటాయి, మన పెళ్లికార్డులాగే. అంతేకాదు, అందులో సొరంగ్ సోంపెంగ్ కూడా ఉంది. 1936లో మాంగెయి గొమాంగో సవర భాషకు తయారుచేసిన లిపి అది, 2012లో యూనికోడ్‌లో చేరింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని నిఘంటువు కూర్చిన రోజులు తలుచుకుంటే, మన కొండల భాష ఇవాళ ప్రతి కొత్త విండోస్‌లోనూ ఉండడం చిన్న సంగతి కాదు. కొత్తదనమంటే ఉత్త రంగులు మార్చడమే అనేవాళ్లకు నేను ఈ ఫాంటు చూపిస్తాను.

ఇక తొందర ఎందుకంటే, విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. 11 చాలా పాత కంప్యూటర్లలో ఎక్కదు. ప్రెస్‌లో మూల కూర్చున్న ఎక్స్‌పీ మిషన్‌కు 2014 ఏప్రిల్‌లోనే మద్దతు పోయింది, అయినా పని చేస్తూనే ఉంది. దాని హార్డ్‌డిస్క్ పోయిన రోజున మాత్రం పేజ్‌మేకరూ ఆ ఫాంట్లూ కలిపి పోతాయి.

అందుకని మిషన్ బతికుండగానే రెండు పనులు చేద్దాం. ప్రతి సంచికనూ అక్కడే పీడీఎఫ్ చేయించాలి, ఫాంట్లు లోపలే ఇమిడేలా. అప్పుడు చూడ్డానికైతే ఎప్పటికీ ఉంటుంది. రెండోది, వ్యాసాల పాఠాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి. పేరు కొడితే వెతకగలిగేది అప్పుడే. కన్వర్టర్ ఒత్తుల దగ్గర, రావత్తు దగ్గర తడబడుతుంది కాబట్టి మనిషి కూర్చుని అచ్చుప్రతితో సరిచూడాలి. అది పిల్లలు చేయలేరు, తెలుగు బడిలో చదువుకున్న మన పెద్దవాళ్లే చేయాలి. పాత సీడీలు ఎవరింట్లో ఉన్నా గీతలు పడకుండా కవరులో పెట్టి పంపండి. కవరు మీద ఏ ఏడాది సంచికో, తెలిస్తే ఏ ఫాంటో రాయండి. సీడీ దొరక్కపోతే అచ్చయిన పుస్తకమే పంపండి, స్కాన్ చేసి తిరిగి ఇచ్చేస్తాం.